చెలామణీకి రాని నాణేలు

దొంగ వెండిని వదిలేసి చిల్లర పట్టుకుపోయాడు.

ఆ ఇంట్లో ఇన్‌స్పెక్టరమ్మకి మొదట తెలిసిన సంగతి అది. తెలిసింది గానీ అర్థం కాలేదు.

మేడ మీద గది. గోడ పొడుగునా టేకు బీరువా, దానికి సన్నసన్నటి సొరుగులు. సగం సొరుగులు రాతి నేల మీద బోర్లా పడి ఉన్నాయి. ఒకదాని మూల విరిగింది. మంచం మీద బొంత పరిచి ఉంది. బొంత నిండా అరచెయ్యంత వెండి నాణేలు. కిటికీ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. గడియ విరగలేదు. లోపలి నుంచి తీసిందే.

ఆవిడ మడమ సలుపుతోంది. మెట్లెక్కినా సలుపుతుంది, దిగినా సలుపుతుంది. కూర్చుంటే సలపదు. కానీ డిపార్టుమెంటు కూర్చోబెట్టి జీతం ఇవ్వదు కదా. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. ఇలా ఇల్లు పీకి పందిరి వేసిన గదులు బోలెడు చూసింది. ప్రతి గదిలోనూ ఒక తమ్ముడో, బావమరిదో, పక్కింటాయనో నిలబడి ఉంటాడు. దొంగ ఎవరో అతనికి ముందే తెలిసిపోయి ఉంటుంది.

ఇక్కడ తమ్ముడు ఉన్నాడు.

"అటెండెంటు పిల్లే మేడమ్. అన్నయ్యని చూసుకోవడానికి ఏజెన్సీ నుంచి పెట్టుకున్నాం. పట్టుమని మూణ్ణెల్లు కాలేదు."

"మీరు చూశారా?"

"చూడక్కర్లేదు. సాయంత్రం ఐదింటికి గేటు దాటుతుంటే సంచీ తెరిపించాను. ఇదిగో, దొరికింది."

రుమాల్లోంచి ఒక నాణెం తీసి చూపించాడు. చిన్నది. ఏ కొట్లో అయినా చెల్లేదే. కానీ ఇంతగా మెరిసే చిల్లర ఇన్‌స్పెక్టరమ్మ ఎప్పుడూ చూడలేదు.

"ఆ అమ్మాయి ఏమంది?"

"అన్నయ్య ఇచ్చాడట." తమ్ముడు నవ్వాడు. "మా అన్నయ్య. నాణెం. ఇచ్చాడట."

ఆ అన్నయ్యని ఊరంతా తూకాలాయన అంటారు. తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఒకప్పుడు ఆయన వీధి మొదట్లో కనబడితే చాలు, చివరి కొట్టువాడు కూడా త్రాసు పళ్లాలు తుడిచి పెట్టుకునేవాడు. లంచమన్న మాట చెవినపడనివ్వని మనిషి. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం ఆ బీరువా.

ఆయన పోగుచేసేవి కొత్త నాణేలు. కొత్తవంటే నిన్నా మొన్నా వచ్చినవి కావు. ఎప్పుడో ముప్పై నలభై ఏళ్ల కిందట టంకశాలలో అచ్చయి, ఒక్క చేతిలోనూ నలగకుండా, ఒక్క గల్లాపెట్టె మొహమూ చూడకుండా, పుట్టినవి పుట్టినట్టే ఉండిపోయినవి. వాటితో లోకంలో ఎవరూ ఏదీ కొనలేదు. అదే వాటి గొప్ప. వెండివి ఎప్పుడో ఒక వేలంలో గంపగుత్తగా వస్తే కొన్నాడు. అసలు ప్రాణమంతా ఈ చిల్లర మీదే.

కింద హాల్లో తూకాలాయన వాలుకుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. ఇన్‌స్పెక్టరమ్మ పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది.

"మీ నాణేలు ఏవేవి పోయాయండీ?"

"ఏవీ పోలేదమ్మా," అన్నాడాయన తాపీగా.

భార్య గబగబా వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "షాక్‌లో ఉన్నారమ్మా. బీపీ మనిషి. ఇంక ఏమీ అడగకండి, మీకు పుణ్యం ఉంటుంది."

తమ్ముడూ అదే మాటన్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ నోటుపుస్తకం మూసేసింది. ముసలాయన్ని పీడించి అన్నం తినాలన్న ఆశ ఆవిడకి ఎప్పుడూ లేదు.

అటెండెంటు అమ్మాయి వంటింటి గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ఊరుకున్న మొహం.

"ఎప్పుడిచ్చారమ్మా నీకు?"

"పోయిన వారం మేడమ్. సాయంత్రం నాలుగింటికి రోజూ బజారు దాకా నడిపిస్తాను. దార్లో జేబులోంచి తీసి ఇచ్చారు. ఉంచుకో అన్నారు. ఊరికే చిల్లర అనుకున్నాను. బాగుంది కదా అని ఖర్చు పెట్టలేదు."

"ఎందుకిచ్చారు?"

"అడగలేదు మేడమ్." తూకాలాయన భార్య ఆ మాటలు వింటూనే వాళ్లని దాటుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

"మేడ మీద గదికి వెళ్తావా?"

"ఊడవడానికి కూడా పెద్దమ్మగారు రానివ్వరు."

ఫోను మోగింది. ఆ అమ్మాయిదే. ఏజెన్సీ నుంచి. అమ్మాయి విని, "సరేనండీ" అంటూ పెట్టేసింది. "రేపు సాయంత్రానికి ఏ సంగతీ తేలకపోతే పేరు కొట్టేస్తారట మేడమ్. ఒక చోట కొట్టేస్తే ఇంకో చోట తీసుకోరు. ఇళ్లల్లోకి వెళ్లి చేసే పని మాది."

ఇన్‌స్పెక్టరమ్మ రేపు పొద్దున్నే స్టేషనుకి రమ్మని చెప్పి పంపించేసింది. చెయ్యి చాపితే తేలిగ్గా అందేంత దూరంలో దొంగ ఉంటే ఆవిడకి నమ్మకం కుదరదు. కానీ నమ్మకం కుదరకపోవడం ఆధారం కాదు. సంచీలో నాణెం ఆధారం.

*

మర్నాడు పొద్దున్న అమ్మాయి స్టేషను బెంచీ మీద కూర్చుని ఉండగా, ఇద్దరు మనుషులు ఇన్‌స్పెక్టరమ్మ గదిలోకి వచ్చారు. నాణేల క్లబ్బు వాళ్లు. బీరువా మొత్తం అమ్మకానికి పెడదామని తమ్ముడే వాళ్లని ఆ ఉదయం రమ్మన్నాడట, విలువ కట్టడానికి.

ఒకాయన పళ్ల డాక్టరు. రెండో ఆయన పత్రికాఫీసులో ప్రూఫ్ రీడరుగా చేసి మానేశాడు.

"నిన్న మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి దాకా ఎక్కడున్నారు?"

"క్లినిక్కులో," అన్నాడు డాక్టరు.

"సాక్ష్యం?"

"నేను," అన్నాడు ప్రూఫ్ రీడరు దవడ పట్టుకుని. "దవడ పన్నుకి రూట్ కెనాల్. ఈయన రెండు చేతులూ నా నోట్లోనే ఉన్నాయి. ఇద్దరం ఒకరికొకరం సాక్ష్యం."

హెడ్డు కానిస్టేబులు అప్పుడే లోపలికి వచ్చాడు. ముందురోజు బొంత మీద దొరికిన వెండి నాణేలని ఒక తువ్వాల్లో మూటకట్టి తెచ్చాడు. మూట విప్పి బల్ల మీద జలజలా కుమ్మరించాడు.

ఇద్దరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. డాక్టరు కళ్లు మూసుకున్నాడు. ప్రూఫ్ రీడరు రెండు చేతులూ అడ్డం పెట్టాడు, అప్పటికే ఆలస్యమైపోయినా.

"చంపేశారు కదయ్యా," అన్నాడు డాక్టరు నీరసంగా.

"ఏమైంది?" అన్నాడు హెడ్డు బిత్తరపోయి.

"ఒకదానికొకటి తగిలితే గీత పడుతుంది. గీత పడితే విలువ సగం పోయినట్టే. ఇలా అంచులు పట్టుకోవాలి, ఇదిగో ఇలా. మొహం మీద వేలు పెట్టకూడదు. ఒకదాని మీద ఒకటి పెట్టకూడదు. మెత్తటి గుడ్డ మీద విడివిడిగా పెట్టాలి."

"మా ఇంట్లో పసిపిల్లల్ని కూడా ఇంత జాగ్రత్తగా ఎత్తుకోం," అన్నాడు హెడ్డు.

"పసిపిల్లలు గీతలు పడ్డా పెరుగుతారు," అన్నాడు ప్రూఫ్ రీడరు.

ఇన్‌స్పెక్టరమ్మ టీ తెప్పించింది. మడమ కింద ఫైళ్ల కట్ట పెట్టుకుంది. ఈ కేసులో మనుషులెవరో కాస్త కాస్త తెలుస్తున్నారు గానీ, మనసులు తెలియడం లేదు.

"నాకు ఒక్కటి చెప్పండి. మీరు కూడా ఇలాంటి కొత్తవే దాస్తారా?"

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "నావి చిల్లులున్నవి. వెనకటి రోజుల్లో ఎవరో చిల్లు పెట్టి మెళ్లో కట్టుకున్నవి, పిల్లల మొలతాడుకి కట్టినవి. బజారులో వాటికి చిల్లిగవ్వ విలువ లేదు. కానీ ఎవరో ఒకరు, ఇది డబ్బు కాదు, ఇది నాది అనుకుని చిల్లు పెట్టారు. నాకు ఆ చిల్లు కావాలి."

"పగలంతా పళ్లల్లో చిల్లులు పూడుస్తాడు, రాత్రి చిల్లులు ఏరుకుంటాడు," అన్నాడు ప్రూఫ్ రీడరు.

"ఈయనవి అడగండి."

"నావి తప్పులు," అన్నాడు ప్రూఫ్ రీడరు. "అచ్చు పక్కకి పడ్డవి, బొమ్మ రెండుసార్లు పడ్డవి, అంకె తిరగబడ్డవి. నలభై ఏళ్లు పక్కవాడి తప్పులు దిద్దుతూ బతికాను. ఎవరి కంటా పడకుండా బయటపడ్డ తప్పంటే నాకు గౌరవమండీ."

పుర్రెకో బుద్ధి అని ఊరికే అన్నారా అనుకుంది ఇన్‌స్పెక్టరమ్మ. "మరి తూకాలాయన?"

ప్రూఫ్ రీడరు బల్ల మీది నాణేల వైపు చూశాడు.

"వాళ్ల చిన్నప్పుడు ఇంట్లోకి వచ్చిన నాణెం ఒక్క పూట నిలిచేది కాదట. తండ్రి కూలి డబ్బు గుమ్మంలో పెడితే, గుమ్మంలోంచే ఎవడో అప్పులవాడు తీసుకుపోయేవాడు. అప్పుడనుకున్నాడట, ఎప్పటికైనా నా ఇంట్లోకి వచ్చిన నాణెం మళ్లీ బయటికి వెళ్లకూడదని. అందుకే ఎక్కడా తిరగనివి కావాలి ఆయనకి. క్లబ్బులో కూడా చేతికివ్వడు. సొరుగు లాగి చూపిస్తాడు, ఊపిరి బిగపట్టి చూడాలి."

"అలాంటాయన అటెండెంటుకి ఒక నాణెం ఇచ్చాడంటే?"

"నమ్మను," అన్నారు ఇద్దరూ.

"సరే. ఈ గుట్టలో ఎక్కువ ఖరీదు చేసేది ఏది?"

డాక్టరు అంచులు పట్టుకుని ఒక వెండి నాణెం ఎత్తాడు. "ఇది. ఆ తర్వాత ఇది. చిల్లర కూడా తక్కువేం కాదు, మచ్చలేనివి కాబట్టి. కానీ నేనే దొంగనైతే వెండి వదిలి వెళ్లను. తెలిసినవాడెవడూ వదలడు."

"అదే చెప్తున్నా మేడమ్," అన్నాడు హెడ్డు. "తెలియనివాళ్లు తీశారు. కొట్లో చెల్లేవి తీసుకుని, చెల్లవనుకున్నవి వదిలేశారు. ఆ పిల్లే."

మాట సబబుగానే ఉంది. బెంచీ మీద ఆ అమ్మాయి గోడ గడియారం వైపు చూస్తూ కూర్చుంది. ఇన్‌స్పెక్టరమ్మకి ఆ చూపు తలుపు సందులోంచి కనబడుతూనే ఉంది.

"హెడ్డుగారూ, నిన్న మీరు ఈ నాణేలు ముట్టుకోకముందు ఫోటో తీశారా?"

"తీశాను మేడమ్."

ఫోను తీసుకుని ఫోటో పెద్దది చేసి చూసింది. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూసింది. టీ చల్లారిపోయింది.

తర్వాత ఒక నిట్టూర్పు విడిచింది. కేసు తేలిన సంతోషం ఆ నిట్టూర్పులో లేదు. తేలకపోతేనే బాగుండేదన్నట్టు ఉంది.

"మూడున్నరకి అందరం ఆ ఇంటికి వెళ్దాం. ఆ అమ్మాయిని కూడా జీపెక్కించండి. ముందు సీట్లో."

*

మళ్లీ మెట్లు. మళ్లీ మడమ.

మేడ మీద గదిలో అందరూ కూడారు. తమ్ముడు కిటికీ దగ్గర. క్లబ్బు వాళ్లిద్దరూ బీరువా పక్కన. అమ్మాయి గుమ్మంలో, లోపలికి రాకుండా. తూకాలాయన మంచం మీద కూర్చున్నాడు. అది ఆయన బజారుకి వెళ్లే వేళ; చెప్పులు కూడా వేసుకుని ఉన్నాడు. భార్య ఆయన పక్కన నిలబడింది. నలుగురి ముందూ కొంగు నిండా కప్పుకుని, ఎవరి మొహమూ చూడకుండా.

"ఆ పిల్లని లోపలికి ఎందుకు తెచ్చారు మేడమ్?" అన్నాడు తమ్ముడు.

"వినడానికి."

ఇన్‌స్పెక్టరమ్మ ఫోను అందరికీ చూపించింది.

"సొరుగులు ఎలా పడ్డాయో చూడండి. బోర్లా, రాతి నేల మీద. ఒకటి విరిగింది కూడా. దొంగ తొందరలో ఉన్నాడు, లాగి పడేశాడు అనుకున్నాం. మరి సొరుగు బోర్లిస్తే నాణేలు ఏమవ్వాలి? పొద్దున్న మా హెడ్డు కుమ్మరించాడు చూడండి, అలా అవ్వాలి. గుట్ట పడాలి. నాలుగు దొర్లి మంచం కిందకి పోవాలి."

"అవును," అన్నాడు డాక్టరు. అంతలోనే ముందుకి వంగాడు. "అరే."

"నేల మీద ఒక్క నాణెం లేదు. అన్నీ బొంత మీదే. ఒకదాన్నొకటి తాకలేదు. ఒకదాని మీద ఒకటి లేదు. పేకముక్కలు పరిచినట్టు పరిచి ఉన్నాయి. సొరుగు విరిగినా ఫర్వాలేదు గానీ, నాణేనికి గీత పడకూడదు. దొంగ వేషం వేసుకున్నా చేతికి అలవాటు పోలేదు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, క్లబ్బు వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మీరు కాదు," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "మీరైతే వెండి వదలరు. మీరే చెప్పారు. అంటే నాణేన్ని ఎలా పట్టుకోవాలో తెలిసిన మనిషి. కానీ ఏది ఎంత చేస్తుందో ఎవరూ చెప్పని మనిషి. బజారులో ఏది చెల్లుతుందో మాత్రం తెలిసిన మనిషి. ఈ అమ్మాయికి విలువా తెలీదు, పట్టుకోవడమూ తెలీదు. తనకి ఇచ్చిన నాణేన్ని సంచీలో తాళంచెవులతో కలిపి పడేసింది. మరి ఈ బీరువాని ఇన్నేళ్లూ దులిపిందెవరు? ఎవరిని ఈయన పక్కన కూర్చోబెట్టుకుని, అంచులు పట్టుకో, గుడ్డ మీద విడిగా పెట్టు అని—"

"నేనే," అంది తూకాలాయన భార్య.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"నేనే తీశానమ్మా. కుట్టుమిషను పెట్టెలో ఉన్నాయి. మధ్యమధ్య దూది పెట్టాను."

"వదినా," అన్నాడు తమ్ముడు. "మీకేం ఖర్మ? మీవే కదా అవి?"

"మావే కాబట్టే. నువ్వు అమ్మిస్తానన్నావు. విలువ కట్టడానికి వీళ్లని రమ్మన్నావు. వీళ్లు సొరుగులు లాగితే ఖాళీలు కనబడేవి. సగానికి సగం ఖాళీలు. ఎక్కడికి పోయాయంటే ఏం చెప్పను?"

"ఎక్కడికి పోయాయి?"

ఆవిడ భర్త వైపు చూడకుండా, ఇన్‌స్పెక్టరమ్మకి దగ్గరగా వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. తగ్గించినా ఆ చిన్న గదిలో అందరికీ వినబడింది.

"ఆయనే ఖర్చు పెట్టేస్తున్నారమ్మా. కొన్ని నెలలుగా. రోజూ ఒకటో రెండో జేబులో వేసుకుని బజారుకి వెళ్తారు. ఏదో కొనుక్కొస్తారు. మొదటిసారి ఒక దువ్వెన తెచ్చారు. నా చేతిలో పెట్టారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన తన చేత్తో నాకు ఒక్క వస్తువు తెచ్చి ఎరగరు. ఇంటి ఖర్చుకి నోట్లు బల్ల మీద పెట్టేవారు, అంతే. దువ్వెన చూసి సంతోషించాను. తర్వాత సొరుగు చూసి భయపడ్డాను. ఇంకో రోజు తలపిన్నులు. ఇంకో రోజు బన్ను. ఒకరోజు ఎర్ర బుడగ తెచ్చారు. మతి ఉన్నవాళ్లు తెస్తారా? అయినా నాలుగున్నరయ్యేసరికి, ఇవాళ ఏం తెస్తారోనని గుమ్మం దగ్గర నిలబడేదాన్ని. ఈ వయసులో, సిగ్గు లేకుండా. నాలుగు రోజులు అలా జరగనీ అనుకున్నాను. తెలిస్తే ఆయన్ని ఇంట్లో కూర్చోబెడతారు. క్లబ్బులో నవ్వుతారు. కొట్టువాడు చిన్నవే తీసుకుంటాడు కదా, మిగిలినవి ఆయన కోసం తీసి దాచాను. వెండివి ఆయనకి ఎలాగూ పనికిరావు."

ప్రూఫ్ రీడరు తల దించుకున్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మకి జాలి వేసింది. కోపం కూడా వచ్చింది. జాలి కంటే కోపమే కాస్త ఎక్కువ.

"ఇదంతా బాగానే ఉందమ్మా. మరి ఈ పిల్ల?"

ఆవిడ కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"ఆయన ఇచ్చారని మీకు తెలుసు. నిన్న మీ ఎదురుగానే ఈ పిల్ల ఆ మాట చెప్పింది. మీరు వంటింట్లోకి వెళ్లిపోయారు."

"నిజం చెప్తే ఆయన సంగతీ చెప్పాలి కదమ్మా. కాస్సేపాగి చెబుదాం అనుకున్నాను. పొద్దున్న చెబుదాం అనుకున్నాను."

"ఇప్పుడు చెప్పండి. నాకు కాదు. ఏజెన్సీకి."

ఇన్‌స్పెక్టరమ్మ నంబరు కలిపి ఫోను ఆవిడ చేతికిచ్చింది. గుమ్మంలో అమ్మాయి ఒక అడుగు లోపలికి వేసింది.

"హలో... నేను తూకాలాయన గారి భార్యని. మీ అమ్మాయి ఏదీ తియ్యలేదండీ. దొంగతనమే జరగలేదు. నేనే దాచాను. నాణెం ఆ అమ్మాయికి మా ఆయనే ఇచ్చారు." ఆగింది. అవతల ఏదో అడిగారు. ఆవిడ కళ్లు మూసుకుంది. "ఎందుకంటే... మా ఆయనకి మతి తప్పుతోందండీ. అందుకని."

ఫోను పెట్టేసింది.

"ఎవరికి మతి తప్పింది?" అన్నాడు తూకాలాయన.

భార్య ఆయన ముందు నేల మీద కూలబడింది. మోకాళ్లు పట్టుకుంది. ఇన్ని నెలలుగా ఎవరి నోటా రాకుండా కాపాడిన మాట తన నోటే వచ్చింది. "మీకేనండీ," అంది.

"అది నాకు తెలుసు," అన్నాడాయన.

ఆవిడ తలెత్తింది.

"పోయినేడాదే తెలిసింది. ఒకరోజు మన వీధి గుర్తుకి రాలేదు. పావుగంట నిలబడ్డాను. నరాల డాక్టరు దగ్గరికి ఒక్కణ్ణే వెళ్లాను. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు." గొంతులో తొట్రుపాటు లేదు. ఒకప్పుడు కొట్టువాళ్లకి తప్పు తూకం చూపించి చెప్పినంత నిదానంగా చెప్పాడు. "ఇంటికొచ్చి బీరువా తెరిచాను. రేపో ఎల్లుండో ఇవేమిటో నాకే తెలీదు. ఎవడో వచ్చి విలువ కడతాడు. తెలిసుండగానే ఖర్చు పెట్టేద్దాం అనిపించింది. ఎవరి కోసం ఖర్చు పెడుతున్నానో తెలిసుండగానే. అంతేనే."

"ఆ బుడగ?" అందావిడ.

"బాగుందని కొన్నాను. నీకు నచ్చలేదా?"

ఆవిడ ఏడ్చింది. నచ్చిందని చెప్పడానికి చాలాసేపు పట్టింది.

ఆయన గుమ్మం వైపు చూశాడు. "ఈ పిల్ల సెలవు పెట్టిందన్నారు నాతో. నన్నెవరూ అడగలేదేం? అడిగితే చెప్పేవాణ్ణి, నేనే ఇచ్చానని. పోయినేడాది చెల్లెలు కాలం చేసినప్పుడు కూడా నా చెయ్యి పట్టుకుని అంతసేపు ఎవరూ నడవలేదు. అందుకని ఇచ్చాను."

ఇన్‌స్పెక్టరమ్మ ఫోటోలో నాణేల మధ్య సందులు కనిపెట్టింది, చేతి అలవాట్లు కనిపెట్టింది. సొంతదారుణ్ణి కూర్చోబెట్టి రెండో ప్రశ్న అడగలేదు. ముసలాయన కదా అని వదిలేసింది. ఆ వదిలెయ్యడంలో కాస్త దయ ఉన్నమాట నిజమే. కాస్త బద్ధకమూ ఉంది. ఆవిడకి ఆ సంగతి బాగా తెలుసు.

తమ్ముడు అమ్మాయి దగ్గరికి వెళ్లి గొంతు సవరించుకున్నాడు. క్షమించమని అడగడం అలవాటు లేని మనిషి. "ఏదో... పొరపాటు," అన్నాడు.

తూకాలాయన భార్య కళ్లు తుడుచుకుని లేచింది. అమ్మాయి రెండు చేతులూ పట్టుకుంది. "తప్పు నాదే తల్లీ. రేపటి నుంచి వస్తావు కదూ?"

"రానండీ," అంది అమ్మాయి.

కోపంగా అనలేదు. అసలు గొంతు పెంచనే లేదు.

"తాతయ్యగారంటే నాకు ఇష్టమేనండీ. మీరన్నా ఇష్టమే. కానీ రేపు మీ ఇంట్లో చెంచా కనబడకపోయినా ముందు నా సంచీయే తెరుస్తారు. ఇంకో అమ్మాయిని పంపమని చెప్తాను."

ఆవిడ చేతులు వదిలేసింది. తూకాలాయన మంచం మీంచి లేచి, చొక్కా సర్దుకుని, భార్య వైపు చెయ్యి చాపాడు. నాలుగు దాటుతోంది. ఆవిడ కొంగు సవరించుకుని ఆ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒక్కో మెట్టూ దిగి బజారుకేసి వెళ్లారు. ఆవిడకి ఆ దారి కొత్త.

*

ఇన్‌స్పెక్టరమ్మ జీపు పంపించేసి, అమ్మాయితో కలిసి బస్టాపు దాకా నడిచింది. నడవక్కర్లేదు. మడమ వద్దని చెప్తూనే ఉంది. అయినా నడిచింది.

బస్టాపు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. ఆవిడ జేబులోంచి కాగితపు కవరు తీసి, అందులో నాణేన్ని అమ్మాయి చేతిలో పెట్టింది.

"ఇది నీదే. ఆయన తెలిసే ఇచ్చారు. ఎవరూ అడగరు."

అమ్మాయి అరచేతిలో అది సాయంత్రపు ఎండకి మెరిసింది.

"ఆ పళ్ల డాక్టరు చెప్పాడు," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "నీ తాళంచెవులతో రెండు గీతలు పడ్డాయట. అయినా నీ రెండు నెలల జీతం పలుకుతుందట. అమ్ముకోవాలంటే ఆయన దగ్గరికి వెళ్లు. లేదంటే దాచుకో."

"ఎక్కడ దాచుకోను మేడమ్?"

"ఇంట్లో."

"నేనుండేది హాస్టల్లో. ఆరుగురం ఒక గది. సంచీలోనే పెట్టుకోవాలి. సంచీ తీసుకుని రేపు ఇంకో ఇంటికి వెళ్తాను. అక్కడ ఎవరైనా తెరిస్తే? ఇంత మెరిసేది నా దగ్గర ఎందుకుందని అడిగితే, ఏం చెప్పను? ఒక తాతయ్యగారు ఇచ్చారనా?"

డాక్టరుకే అమ్మి ఆ నోట్లు సంచీలో పెట్టుకున్నా అదే ప్రశ్న అడుగుతారని ఇన్‌స్పెక్టరమ్మకి అప్పటికి తట్టింది.

బస్సు వచ్చింది. అమ్మాయి దణ్ణం పెట్టి ఎక్కింది. మెట్టు మీదే కండక్టరు టికెట్టుకి చెయ్యి చాపాడు. అమ్మాయి పిడికిలి విప్పి ఆ నాణేన్ని ఇచ్చింది. అతను దాని వైపు చూడకుండా తోలు సంచీలో పడేసి, టికెట్టు చింపి ఇచ్చాడు.

ఆ తర్వాత ఆమెకి కిటికీ పక్క సీటు దొరికింది.